పండుగ అందరిదీ... పని ఎవరిది?

పండుగంటే పిల్లలకు కొత్త బట్టలు, మగవాళ్ళకు సెలవు. మరి మనకో? బూజుకర్ర, గడపలకు పసుపు, నానబోసిన పప్పు, పొయ్యి మీద కాగే నూనె మూకుడు! సంవత్సరాది వస్తోందంటే వారం ముందు నుంచే కొంగు బిగించాలి. పండుగనాడు అందరూ భోంచేసి కాస్త నడుం వాల్చే వేళకు మనం ఇంకా గిన్నెలు సర్దుకుంటూనే ఉంటాం. ఇది మన ఇళ్ళలో భాగోతమే అనుకుంటున్నారా? కానే కాదు. చైనా, వియత్నాం, కొరియా, మంగోలియా... చంద్రుడి లెక్కన కొత్త సంవత్సరం జరుపుకునే ఏ దేశంలో చూసినా ఇదే వరస.

అయితే ఆ దేశాల పాత ఆచారాలను కాస్త తరచి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఇల్లాలికి బండెడు చాకిరీ చెప్పిన ఆ పండుగే ఆమెకు విశ్రాంతి కూడా రాసిపెట్టింది! ఆ విశ్రాంతి ఎక్కడ దాగి ఉంది, ఎక్కడ మాయమైపోయింది, ఇప్పటి ఆడవాళ్ళు దాన్ని ఎలా తిరిగి రాబట్టుకుంటున్నారు? రండి, ఒక్కో దేశం వంటింట్లోకి తొంగి చూద్దాం.

మనకూ వాళ్ళకూ చుట్టరికం

చైనావాళ్ళ సంవత్సరాది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వచ్చే అమావాస్య నాడు పడుతుంది. మన ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. అంటే వాళ్ళ పండుగ మనకన్నా నెలో, రెండు నెలలో ముందు. 2025లో వాళ్ళది జనవరి 29న, మనది మార్చి 30న. 2026లో వాళ్ళది ఫిబ్రవరి 17న, మనది మార్చి 19న. చంద్రుడి నెలలు సూర్యుడి ఏడాదికి సరిపోవు కాబట్టి రెండు మూడేళ్ళకోసారి మనం అధిక మాసం కలుపుకుంటాం కదా, వాళ్ళూ అంతే!

ఇంకో పోలిక వింటే ఆశ్చర్యపోతారు. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు తిరుగుతాయి. వాళ్ళకూ సరిగ్గా 60 ఏళ్ళ చక్రమే. ఎలుక, ఎద్దు, పులి అంటూ 12 జంతువుల పేర్లు ఒకవైపు, పది గుర్తులు మరోవైపు జతపడుతూ పోతే 60 ఏళ్ళకు మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే మనవాళ్ళు షష్టిపూర్తి చేసుకున్నట్టే కొరియావాళ్ళు 60 నిండగానే ‘హ్వాన్‌గప్’ అని పెద్ద వేడుక చేస్తారు. వియత్నాంవాళ్ళకూ దాదాపు ఇవే జంతువులు. కాకపోతే చైనావాళ్ళ కుందేలు స్థానంలో వీళ్ళకు పిల్లి ఉంటుంది. 2023 చైనాలో కుందేలు సంవత్సరం, వియత్నాంలో పిల్లి సంవత్సరం!

వంటింటి దేవుడి నోటికి తీపి

మన ఇళ్ళలో దేవుడు పూజగదిలో ఉంటాడు. చైనావాళ్ళకు వంటింట్లోనే ఒక దేవుడున్నాడు. పేరు జావ్ జున్. పొయ్యి దగ్గర గోడకు ఆయన బొమ్మ వేసిన కాగితం అంటిస్తారు. ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టారు, ఎవరు ఎంత దుబారా చేశారు అన్నీ ఏడాది పొడుగునా చూస్తూ ఉండటమే ఆయన పని. పన్నెండో నెల 23వ తేదీన (కొన్ని ప్రాంతాల్లో 24న) ఆయన పైలోకానికి వెళ్ళి చక్రవర్తికి ఈ ఇంటి లెక్కంతా అప్పజెబుతాడట.

మరి ఇల్లాలు ఊరుకుంటుందా? ఆ రోజు మొలకెత్తించిన ధాన్యంతో చేసిన జిగట మిఠాయిని ఆయన ముందు పెట్టి, కాస్త పెదవులకు కూడా పూస్తారు. పైకెళ్ళి తీయని మాటలే చెప్పాలని ఒకటి, లేదా ఆ జిగటకు నోరే పెగలకూడదని ఇంకొకటి! ఆ తర్వాత పాత పటాన్ని కాల్చి సాగనంపుతారు. సంవత్సరాదికి కొత్త పటం అంటిస్తే ఆయన తిరిగొచ్చినట్టు.

వియత్నాంలో కథ కొంచెం కన్నీళ్ళ కథ. ఒకావిడను మొదటి భర్త బాధలు పెడితే ఇల్లు విడిచి వెళ్ళి ఇంకొకర్ని చేసుకుంది. కొన్నాళ్ళకు మొదటి భర్త బిచ్చమెత్తుకుంటూ ఆ గుమ్మంలోకే వచ్చాడు. జాలిపడి అన్నం పెట్టింది. ఇంతలో రెండో భర్త రావడం చూసి, అపార్థం చేసుకుంటాడేమోనని ఇతన్ని గడ్డిమేటులో దాచింది. ఆ సంగతి తెలియని రెండో భర్త బూడిద కోసం గడ్డికి నిప్పు పెట్టాడు. తనవల్ల ఒక ప్రాణం పోతోందని ఆమె మంటల్లో దూకింది. ఆమెను విడిచి ఉండలేక అతనూ దూకాడు. ఆ ముగ్గురే పొయ్యికి మూడు రాళ్ళయ్యారట! పన్నెండో నెల 23న ఈ పొయ్యి దేవతలు చేప మీద ఎక్కి పైలోకానికి వెళతారని బతికున్న కార్ప్ చేపలను చెరువుల్లో, నదుల్లో వదులుతారు. సంవత్సరాది మొదలయ్యేది వంటింటి నుంచేనని ఈ రెండు దేశాలూ ఒప్పుకున్నట్టే కదూ!

ఆ ఒక్కరోజు చీపురు ముట్టకూడదు

పొయ్యి దేవుణ్ణి సాగనంపాక ఇక పని మొదలు. బూజులు దులపడం, దుప్పట్లు ఉతకడం, మూలమూలలా తుడవడం. గుమ్మాలకు ఎర్ర కాగితం మీద శుభాకాంక్షలు రాసి అంటించడం. అచ్చం మనలాగే. కానీ కొత్త సంవత్సరం తెల్లవారిందంటే చైనాలో సీను మారిపోతుంది. ఆ రోజు ఇల్లు ఊడవకూడదు. ఊడిస్తే చెత్తతో పాటు అదృష్టం కూడా గుమ్మం దాటిపోతుందని నమ్మకం. కత్తి, కత్తెర పట్టకూడదు. పడితే వచ్చే భాగ్యం తెగిపోతుందట.

కత్తి పట్టకుండా వంట ఎలా? అందుకే తరగడం, ఉడికించడం ముందురోజే అయిపోవాలి. ముందురోజు రాత్రి జరిగే కుటుంబ విందులో చేపను కావాలనే కొంత మిగులుస్తారు. చైనా భాషలో చేప అనే మాటా, మిగులు అనే మాటా ఒకేలా పలుకుతాయి. మిగిలిన చేప ఏడాదంతా ఇంట్లో మిగులు ఉంటుందనడానికి గుర్తు. బంక బియ్యప్పిండితో చేసే ‘నియెన్ గావ్’ కూడా అంతే. ఆ పేరు పలికితే ‘ఏటికేడాది ఎదుగు’ అన్న అర్థం వినిపిస్తుంది.

ఇలాంటి నియమాలు ఏ పెద్దావిడ ఆలోచనో తెలియదు గానీ, ఫలితం మాత్రం చూడండి. ఊడవడం లేదు, తరగడం లేదు. ఇల్లాలికి కూర్చునే హక్కు పండుగే ఇచ్చేసింది! ‘అత్తగారూ, నాకు నడుం నొప్పిగా ఉంది’ అని చెప్పుకోనక్కర్లేదు. ‘ఊడిస్తే లక్ష్మి పోతుంది’ అంటే ఇంక నోరెత్తేదెవరు?

వియత్నాంలో సంవత్సరాది పేరు టెట్. అక్కడా మొదటి రోజు చీపురు పట్టరు. తినడానికి ‘బాన్ చుంగ్’ సిద్ధంగా ఉంటుంది. బంక బియ్యం, పెసరపప్పు, పంది మాంసం పొరలు పొరలుగా పెట్టి, పచ్చని ఆకులో చదరంగా చుట్టి, వెదురు నారతో కట్టి, పెద్ద గుండిగలో పది పన్నెండు గంటలు ఉడికిస్తారు. రాత్రంతా మంట ఆరకుండా చూడాలి కనుక పిల్లలూ పెద్దలూ ఆ పొయ్యి చుట్టూ చేరి కబుర్లు చెప్పుకుంటూ కాపలా కాస్తారు. చలి రోజులు కదా, ఒకసారి చేస్తే చాలా రోజులు నిలవ ఉంటుంది. చుట్టం వస్తే ఒకటి విప్పి, కట్టిన నారతోనే ముక్కలుగా కోసి పెట్టేయడమే! దక్షిణ వియత్నాంలో ఇదే రకాన్ని గుండ్రటి పొడుగు కట్టలా చుట్టి ‘బాన్ టెట్’ అంటారు.

జపాన్‌వాళ్ళు ఈ సంగతి దాచుకోకుండా పైకే చెబుతారు. వాళ్ళు 1873లో చంద్రుడి లెక్క వదిలేసి జనవరి 1నే సంవత్సరాదిగా మార్చుకున్నా, పాత వంటలు మాత్రం వదల్లేదు. ‘ఒసెచి’ అని నల్ల సోయా గింజలు, చేప గుడ్లు, రొయ్యలు వగైరా ముందే వండి, మన క్యారియర్ గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చే లక్క పెట్టెల్లో సర్దేస్తారు. తీపి, ఉప్పు, వెనిగర్ పట్టించినవి కాబట్టి త్వరగా పాడవవు. కొత్త సంవత్సరం మొదటి మూడు రోజులూ ఇల్లాలు పొయ్యి వెలిగించకుండా విశ్రాంతి తీసుకోవడానికే ఈ ఏర్పాటని అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు.

కలిసి చుట్టే వంట

విశ్రాంతి సరే, ముందురోజు చాకిరీ మాటేమిటి? దానికీ ఒక పాత ఉపాయం ఉంది. ఉత్తర చైనాలో సంవత్సరాది ముందురోజు రాత్రి ‘జ్యావ్‌జి’ చేస్తారు. మన కజ్జికాయలకు చెల్లెలనుకోండి. పల్చటి పిండి బిళ్ళలో కూర పెట్టి మడిచి ఉడికిస్తారు. పాతకాలపు వెండి కడ్డీల ఆకారంలో ఉంటాయని ధనానికి గుర్తు. అసలు విశేషం అది కాదు. వీటిని ఒక్కరే చేయరు! ఒకరు పిండి పిసికితే, ఇంకొకరు బిళ్ళలు వత్తితే, మిగిలినవాళ్ళంతా బల్ల చుట్టూ కూర్చుని మడతలు పెడతారు. తాతగారు, కొడుకులు, మనవలు అందరూ! ఒకదాంట్లో నాణెం దాస్తారు. అది ఎవరి పళ్ళెంలోకి వస్తే ఆ ఏడాది అదృష్టం వాళ్ళది.

టిబెట్‌వాళ్ళు కొత్త సంవత్సరాన్ని ‘లోసార్’ అంటారు. దానికి ముందు పన్నెండో నెల 29వ తేదీ రాత్రి ‘గుతుక్’ అనే పులుసు తాగుతారు. అందులో పెద్ద పిండి ఉండలు వేసి, ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు దాస్తారు. మిరపకాయ వస్తే వాగుడుకాయ, బొగ్గు వస్తే మనసు నలుపు, ఉన్ని వస్తే మెత్తటి మనసు! ఇల్లంతా నవ్వులే నవ్వులు.

మంగోలియా ఇల్లాళ్ళది మరో తెలివి. ‘త్సగాన్ సార్’ అంటే తెల్ల నెల. పాల పదార్థాలకు, తెల్లదనానికి పెద్దపీట వేసే పండుగ. ‘బూజ్’ అనే మాంసం కుడుములు ఒక్కో ఇంట్లో వందలకు వందలు, కొన్నిళ్ళలో వెయ్యికి పైగా ముందే చేసి, బయటి గడ్డకట్టే చలిలో నిలవ చేస్తారు. ప్రకృతే వాళ్ళకు ఫ్రిజ్! చుట్టాలు గుమ్మంలోకి రాగానే కావలసినన్ని ఆవిరి మీద పెడితే సరి.

పుట్టింటికి ఒక రోజు

చైనాలో మొదటి రోజు అత్తింటిది. రెండో రోజు మాత్రం పెళ్ళయిన ఆడపిల్లది! ఆ రోజు భర్తనూ పిల్లలనూ వెంటబెట్టుకుని పండ్లు, మిఠాయిలతో పుట్టింటికి వెళుతుంది. వియత్నాంలో కూడా మొదటి రోజు తండ్రివైపు, రెండో రోజు తల్లివైపు, మూడో రోజు చదువు చెప్పిన గురువుగారికి అని నానుడి ఉంది. పండుగ పేరుతో ఆడపిల్ల పుట్టింటి దారి మూసుకుపోకుండా చేసిన ఏర్పాటు ఇది. అత్తింట్లో పండుగ పనంతా భుజాన వేసుకున్న కోడలు, రేపు అమ్మ దగ్గర హాయిగా కాళ్ళు చాపుకు కూర్చోవచ్చని ఎంత ఎదురుచూసేదో మనం ఊహించుకోలేమా!

కోడలి గోడు విన్న కొరియా

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొరియాలో సంవత్సరాది పేరు ‘సొల్లాల్’. జపాన్ పాలన రోజుల్లో దీన్ని అణచివేశారు. ఆ తర్వాత కూడా చాలాకాలం జనవరి 1కే ప్రభుత్వ గౌరవం దక్కింది. దక్షిణ కొరియాలో 1985లో ‘జానపద దినం’ పేరుతో ఒకరోజు సెలవిచ్చారు. 1989లో అసలు పేరు తిరిగొచ్చి మూడు రోజుల సెలవైంది. పిల్లలు పెద్దలకు సాష్టాంగం లాంటి ‘సెబే’ నమస్కారం చేస్తారు, పెద్దలు డబ్బులిచ్చి దీవిస్తారు. బియ్యప్పిండి బిళ్ళల పులుసు ‘తొక్‌గుక్’ తాగితే ఒక ఏడాది వయసు పెరిగినట్టు. ‘నీ వయసెంత?’ అనడానికి ‘ఎన్ని గిన్నెల తొక్‌గుక్ తాగావు?’ అని సరదాగా అడుగుతారు. అక్కడ సంవత్సరాదితో అందరికీ ఒకేసారి ఒక ఏడు పెరిగే లెక్క ఉండేది. 2023 జూన్ 28 నుంచి ప్రభుత్వ వ్యవహారాల్లో పుట్టినరోజు లెక్కే చెల్లుతుంది.

పండుగ ఉదయం ‘చారే’ అని పెద్దలకు నైవేద్యం పెడతారు. బల్ల నిండా వరసలు వరసలుగా వంటకాలు. అందులో నడుం విరగ్గొట్టేవి ‘జొన్’లు. చేప ముక్కలు, గుమ్మడి ముక్కలు, మాంసం ముద్దలు పిండి అద్ది, గుడ్డు సొనలో ముంచి పెనం మీద ఒక్కొక్కటే వేయించాలి. గంటల తరబడి నూనె పొగలో కోడళ్ళు. నైవేద్యం వేళకు ముందు వరసలో నిలబడి మొక్కేది మగవాళ్ళు. ఇంకో సంగతి, కొరియాలో ఆడవాళ్ళు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోరు. ‘నా ఇంటిపేరు కాని పెద్దల కోసం నేను వండాలి, నా పెద్దలకు పుట్టింట్లో ఎవరు పెడతారు?’ అన్నది అక్కడి కోడళ్ళ పాత గోడు.

ఈ బాధకు కొరియాలో ఒక పేరే పుట్టింది, పండుగ జబ్బు! తలనొప్పి, నడుం నొప్పి, అజీర్తి, మనసు చిరచిర. పండుగ దగ్గర పడితే చాలు, దీని గురించి పత్రికలు, టీవీలు మాట్లాడతాయి. పండుగ అయ్యాక విడాకుల దరఖాస్తులు పెరిగాయని కూడా అక్కడి పత్రికలు రాస్తుంటాయి. నవ్వులాటకు తీసేసే విషయం కాదు కదా!

మరి ఏమైంది? సంప్రదాయానికి పెద్ద దిక్కైన సంస్థే దిగొచ్చింది! సియోల్‌లోని సుంగ్‌క్యున్‌క్వాన్ అంటే కన్ఫ్యూషియస్ మార్గానికి మఠం లాంటిది. ఆచారాల్లో వాళ్ళ మాటంటే మాటే. వాళ్ళు 2022 సెప్టెంబర్‌లో కోతల పండుగ ‘చుసొక్’కి ముందు ప్రకటన చేశారు. నూనెలో వేయించిన వంటకాలు నైవేద్యానికి అక్కర్లేదు, బల్ల మీద తొమ్మిది రకాలు మించనవసరం లేదు, అసలు మర్యాద మనసులో ఉండాలి గాని పళ్ళాల సంఖ్యలో కాదు అని తేల్చేశారు. వేయించినవి పెట్టడం మర్యాద కాదని పాత గ్రంథాల్లోనే ఉందని కూడా చూపించారు. 2023 జనవరిలో సొల్లాల్‌కూ ఇదే మాట, పులుసుగా తొక్‌గుక్ పెడితే చాలన్నారు.

అంటే చూశారా! తరతరాలుగా ‘ఆచారం’ అనుకుని కోడళ్ళు వేయించిన జొన్‌లు అసలు ఆచారంలోనే లేవన్నమాట! ఇరుగుపొరుగుతో పోటీపడి ఒక్కో తరం ఒక్కో పళ్ళెం కలుపుకుంటూ పోతే, చివరికి ఆ బరువంతా వంటింట్లో ఆడదాని నడుం మీద పడింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో జొన్‌లు బజారు నుంచి తెచ్చుకుంటున్నారు. కొందరు అన్నదమ్ములు, కోడళ్ళు తలొక వంటకం చేసి తెస్తున్నారు. నైవేద్యం మానేసి కుటుంబమంతా ప్రయాణాలకు వెళ్ళేవాళ్ళూ పెరిగారు. మగవాళ్ళు పెనం ముందు కూర్చోవడం కూడా వింతేమీ కాదిప్పుడు.

మరి మన ఉగాదికి?

ఆచారాలు మానేయమని ఈ కబుర్ల సారాంశం కాదు. మన ఉగాదికి తప్పనిసరి ఏమిటో ఒకసారి కాగితం మీద రాసి చూడండి. తలంటు, మామిడాకుల తోరణం, షడ్రుచుల పచ్చడి, పంచాంగ శ్రవణం. వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం కలపడానికి పావుగంట చాలు! మిగిలినవన్నీ మన ఇష్టాలు. ఇష్టాన్ని ఆచారంగా పొరబడితేనే వస్తుంది నడుం నొప్పి.

* బొబ్బట్లు, పులిహోర, గారెలు, పాయసం అన్నీ ఒకేపూట ఎందుకు? ఒక తీపి, ఒక కారం చాలు. గారెలు మర్నాడైనా వండుకోవచ్చు.

* బొబ్బట్లు (మీరు భక్ష్యాలంటారేమో!) మీ చేతివే కావాలని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే, పూర్ణం ఉండలు చుట్టే పని వాళ్ళకే అప్పజెప్పండి. చైనా తాతగార్లు మడతలు పెడుతున్నారని చెప్పండి!

* పూర్ణం ముందురోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పులిహోర పులుసు రెండు రోజుల ముందే చేసి సీసాలో పోసుకోండి.

* తోరణాలు కట్టడం, బజారు సామాను, భోజనాలయ్యాక గిన్నెలు... ఈ మూడూ వంట చేయనివాళ్ళ వంతు అని ముందే మాట తీసుకోండి.

* వీలైతే పండుగ మర్నాడు పుట్టింటికి వెళ్ళిరండి. అమ్మ లేకపోతే అన్నయ్యకో, అక్కకో కనీసం ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడండి.

అందరూ కలిసి చేసే వంట అన్నాం కదా. ఈసారి ఏదైనా సెలవు రోజున పిల్లలనూ, శ్రీవారినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఇది చేసి చూడండి.

శాకాహార జ్యావ్‌జి (సుమారు 30)

పై పిండికి: మైదా 2 కప్పులు, చిటికెడు ఉప్పు, నీళ్ళు సుమారు ముప్పావు కప్పు.

లోపలి కూరకు: సన్నగా తరిగిన క్యాబేజీ 2 కప్పులు, క్యారెట్ కోరు అరకప్పు, ఉల్లికాడల తరుగు అరకప్పు, పనీర్ తురుము అరకప్పు, అల్లం కోరు 1 చెంచా, సోయా సాస్ 2 చెంచాలు, మిరియాల పొడి అర చెంచా, నువ్వుల నూనె 1 చెంచా, తగినంత ఉప్పు.

చేసే విధం: మైదాలో ఉప్పు వేసి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. క్యాబేజీకి కొంచెం ఉప్పు రాసి పది నిమిషాలయ్యాక నీరంతా గట్టిగా పిండేయండి. ఈ పని మరిచిపోతే జ్యావ్‌జి చిరిగిపోతాయి. తర్వాత మిగిలినవన్నీ కలపండి. సోయా సాస్‌లో ఉప్పుంటుంది కనుక రుచి చూసి వేసుకోండి. పిండిని చిన్న ఉండలు చేసి, పూరీలకన్నా చిన్నవిగా, అంచులు పల్చగా ఉండేలా వత్తండి. మధ్యలో చెంచాడు కూర పెట్టి, అంచుకు తడి చేసి, కజ్జికాయలా మడిచి గట్టిగా నొక్కండి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు మరిగించి పది పదిహేను చొప్పున వేయండి. అడుగంటకుండా ఒకసారి మెల్లగా కదపండి. పైకి తేలాక ఇంకో రెండు మూడు నిమిషాలుంచి జల్లి గరిటెతో తీయండి. సోయా సాస్, వెనిగర్, అల్లం కోరు కలిపి నంచుకోవడానికి పెట్టండి.

ఒకదాంట్లో నాణెం బదులు జీడిపప్పు దాచండి, పిల్లల పళ్ళు భద్రం! అది ఎవరికి వస్తే వాళ్ళకు ఆ ఏడాది అదృష్టం... ఆ రోజు గిన్నెలు తోమే అదృష్టం కూడా వాళ్ళకే అని ముందే షరతు పెట్టండి!